గిఫ్ట్ కార్డు వెనక చెల్లు

మన ఊళ్ళలో ప్రామిసరీ నోటు సంగతి తెలిసినవాళ్ళకి "చెల్లు" అనే మాట తెలిసే ఉంటుంది. అప్పు తీసుకున్నవాడు మధ్యలో కొంత డబ్బు తిరిగి కడితే, ఆ నోటు వెనక తారీఖు వేసి, ఇంత ముట్టిందని రాసి సంతకం పెడతారు. దాన్నే చెల్లు వేయడం అంటారు. డబ్బు ఒకసారి ముట్టి చెల్లు రెండుసార్లు పడితే పెద్దమనుషుల దగ్గర పంచాయితీ తప్పదు.

2007 డిసెంబరులో అమెరికాలో నేను సరిగ్గా అలాంటి చెల్లు మూడుసార్లు వేయించాను. నోటు బదులు గిఫ్ట్ కార్డు, కలం బదులు పాయింట్ ఆఫ్ సేల్ సాఫ్ట్‌వేరు. అంతే తేడా. అప్పటినుంచి ఎవరైనా "గిఫ్ట్ కార్డులు కాన్ఫిగర్ చేయడం ఎంతసేపు, ఒక పూట పని" అంటే నాకు నవ్వు రాదు. మనవాళ్ళలో చాలామంది రిటైల్ ప్రాజెక్టుల్లో పనిచేస్తున్నారు కాబట్టి, ఆ ఒక పూట పనిలో ఏమేమి ఉంటాయో ఈసారి రాస్తున్నాను.

ఆ రోజు ఏం జరిగింది

మధ్య పశ్చిమ రాష్ట్రాల్లో దుకాణాలున్న ఒక సంస్థకి కౌంటర్ల దగ్గర కొత్త సాఫ్ట్‌వేరు ఎక్కించే బృందంలో నేను ఉన్నాను. పండగల ముందు కొత్తది ఎక్కించకూడదని రిటైల్‌లో పనిచేసే ప్రతివాడికీ తెలుసు. అయినా నవంబరులో ఎక్కించాం. గిఫ్ట్ కార్డుల భాగం నాది.

క్రిస్మస్ మర్నాడు, అంటే డిసెంబరు 26న, అమెరికాలో గిఫ్ట్ కార్డులన్నీ ఒక్కసారిగా బయటికి వస్తాయి. ఒక పన్నెండేళ్ళ కుర్రాడు వాళ్ళ నాన్నతో వచ్చి 21.40 డాలర్ల బొమ్మ ఏదో కొన్నాడు. బామ్మ ఇచ్చిన 50 డాలర్ల కార్డు తీసి ఇచ్చాడు. కౌంటరు దగ్గర అమ్మాయి కార్డు గీసింది. జవాబు రాలేదు, "మళ్ళీ ప్రయత్నించండి" అని తెర మీద కనబడింది. మళ్ళీ గీసింది. అదే మాట. మూడోసారి గీస్తే జవాబు వచ్చింది: "కార్డులో 7.20 ఉంది, మిగిలిన 14.20 వేరేగా కట్టాలి."

కుర్రాడు కార్డులో యాభై ఉండాలన్నాడు. ఆ అమ్మాయి తెర చూపించింది. ఇంతకు ముందు వాడేశావేమో గుర్తు తెచ్చుకో అంది. వాళ్ళ నాన్న వెనక ఉన్న వరస చూసి, మారు మాట్లాడకుండా 14.20 కట్టేశాడు. ఇంటికి వెళ్ళాక ఏం మాటలు నడిచాయో నాకు తెలియదు. మర్నాడు ఉదయం మాత్రం బామ్మగారు తాను కార్డు కొన్న రసీదు పట్టుకుని దుకాణానికి వచ్చారు. ఆవిడ అడిగింది డబ్బు కాదు. "నేను యాభై వేశానని నా మనవడికి మీరే చెప్పండి" అని అడిగారు.

మేనేజరు హెల్ప్ డెస్కుకి ఫోను చేశాడు. హైదరాబాదులో రాత్రి షిఫ్టులో ఉన్న మా కుర్రాడు లాగ్ తీసి నాకు ఫోను చేశాడు. "అన్నా, ఒకే కార్డు మీద మూడు డెబిట్లు పడ్డాయి, సేల్ మాత్రం ఒక్కటే ఉంది" అన్నాడు.

లెక్క చూడండి. మొదటిసారి గీసినప్పుడు సెంట్రల్ సర్వరు 21.40 తగ్గించింది, 28.60 మిగిలింది. ఆ రోజు రద్దీకి జవాబు పంపడానికి దానికి పది సెకన్లు దాటింది. మా కౌంటరు ఎనిమిది సెకన్లకే ఆశ వదులుకుంది. రెండోసారీ అంతే, 7.20 మిగిలింది. మూడోసారి సర్వరు తొందరగా పలికింది, ఉన్న 7.20 ఇచ్చి ఊరుకుంది. దుకాణం ఇచ్చిన సరుకు ఒకటి, నోటు వెనక చెల్లులు మూడు. కార్డులో ఉండాల్సిన 42.80 గాలిలో కలిసిపోయింది. ఆ ఒక్క రోజు లాగ్‌లో వెతికితే ఇలాంటి కార్డులు ఇంకో 41 దొరికాయి.

ఎందుకిలా అయిందో కింద చెబుతాను. ముందు అసలు గిఫ్ట్ కార్డు అంటే ఏమిటో తేల్చుకోవాలి. తప్పులన్నీ అక్కడే మొదలవుతాయి.

అమ్మకం కాదు, అప్పు

ఎవరైనా 50 డాలర్ల కార్డు కొన్నప్పుడు దుకాణం ఏమీ అమ్మలేదు. యాభై డాలర్లు తీసుకుని, అంత విలువైన సరుకు ఎప్పుడడిగితే అప్పుడు ఇస్తానని మాట ఇచ్చింది. అంటే దుకాణం అప్పు చేసింది. ఖాతా పుస్తకంలో నగదు వైపు 50 పెరుగుతుంది, "గిఫ్ట్ కార్డుల బాకీ" అనే పద్దులో 50 పెరుగుతుంది. అమ్మకాల పద్దు కదలకూడదు. కార్డు వాడి సరుకు కొన్న రోజున బాకీ తగ్గి, అమ్మకం పెరుగుతుంది.

దుకాణం దివాలా తీసినప్పుడు ఇది అప్పేనని అందరికీ గుర్తొస్తుంది. నా ముచ్చట జరిగిన రెండు నెలలకి, 2008 ఫిబ్రవరిలో, షార్పర్ ఇమేజ్ దివాలా రక్షణ కోరి కార్డులు తీసుకోవడం ఆపేసింది. తర్వాత, కార్డు విలువకి రెట్టింపు సరుకు కొంటే తీసుకుంటామంది. 2013 జనవరిలో ఇంగ్లండులో హెచ్.ఎం.వి. కూడా మొదట కార్డులు చెల్లవంది, గోల అయ్యాక మళ్ళీ తీసుకుంది. కార్డు చేతిలో ఉన్నవాడు అప్పులవాళ్ళ వరసలో వెనక నిలబడ్డ ఒక అప్పులవాడు.

ఈ సంగతి మనసులో పెట్టుకుంటే కాన్ఫిగరేషను తెర మీద కనిపించే ప్రతి గడిలో ఏం నింపాలో సులువుగా తెలుస్తుంది. దాదాపు ప్రతి రిటైల్ సాఫ్ట్‌వేరులోనూ గిఫ్ట్ కార్డు రెండుచోట్ల ఉంటుంది: ఒకచోట సరుకుగా, ఇంకోచోట చెల్లింపు పద్ధతిగా. చిన్న దుకాణాలు ఒకప్పుడు వాడిన మైక్రోసాఫ్ట్ రిటైల్ మేనేజ్‌మెంట్ సిస్టమ్‌లో (దానికి మద్దతు 2021లో ముగిసింది) వోచర్ అనే ఐటెం రకం, వోచర్ అనే టెండరు రకం విడివిడిగా ఉండేవి. డైనమిక్స్ 365 కామర్స్‌లోనూ గిఫ్ట్ కార్డు ప్రోడక్టు ఒకటి, పేమెంట్ మెథడ్ ఒకటి వేరువేరుగా పెట్టుకోవాలి. పేర్లు మారతాయి, ఏర్పాటు ఒకటే.

సరుకుగా పెట్టేటప్పుడు

మొదటిది పన్ను. అమెరికాలో కార్డు అమ్మినప్పుడు సేల్స్ టాక్స్ వేయరు, దాంతో సరుకు కొన్నప్పుడు వేస్తారు. పొరపాటున మామూలు సరుకు టాక్స్ కోడ్ తగిలిస్తే, 8 శాతం ఉన్నచోట యాభైకి 54 వసూలవుతుంది. ఆ తర్వాత 28 డాలర్ల వస్తువు కొంటే మళ్ళీ 2.24 పడుతుంది. ఒకే డబ్బు మీద రెండుసార్లు పన్ను. అయితే ఇది అన్ని దేశాలకీ వర్తించే సూత్రం కాదు. ఇంగ్లండులోనూ యూరోపియన్ యూనియన్‌లోనూ 2019 జనవరి 1 నుంచి వోచర్లని రెండు రకాలుగా విడదీశారు. దేనికి వాడతారో, ఎంత వ్యాట్ పడుతుందో అమ్మేనాటికే తెలిసిపోయే వోచరు అయితే అమ్మిన రోజే పన్ను. దేనికైనా వాడుకోగలిగేదైతే వాడిన రోజున పన్ను. కాబట్టి ఆ దేశాల్లో ఉన్నవాళ్ళు "కార్డుకి పన్ను ఉండదు" అని కళ్ళు మూసుకుని గడి ఖాళీగా వదలకండి, అకౌంట్స్ వాళ్ళని అడగండి.

రెండోది తగ్గింపు. "ఈ రోజు దుకాణంలో అన్నిటి మీదా 20 శాతం తగ్గింపు" అని పెట్టినప్పుడు ఆ "అన్నిటి"లో గిఫ్ట్ కార్డు కూడా చేరిందంటే, నలభైకి యాభై డాలర్ల నోట్లు అమ్ముతున్నట్టే. తెలివైన కస్టమర్లు దీన్ని గంటలో కనిపెడతారు. తగ్గింపు వర్తించదు అన్న గడి ఐటెం మీదే పెట్టాలి. ప్రమోషన్లు తయారుచేసే మనిషి గుర్తుపెట్టుకుంటాడులే అని వదిలేయకూడదు.

మూడోది పాయింట్లు. కార్డు కొన్నప్పుడు లాయల్టీ పాయింట్లు ఇచ్చి, అదే కార్డుతో సరుకు కొన్నప్పుడు మళ్ళీ ఇస్తే అది కూడా రెండో చెల్లే. ఒకచోటే ఇవ్వాలి.

ఇక మిగిలినవి: స్టాక్ లెక్క ఉండకూడదు, ధర కౌంటరు దగ్గర కొట్టేలా ఉండాలి, కనిష్ఠం గరిష్ఠం పెట్టాలి. 50 కొట్టబోయి చుక్క మరిచిపోయి 5000 కొట్టిన కాషియరుని నేను చూశాను. గిఫ్ట్ కార్డుతో గిఫ్ట్ కార్డు కొననివ్వకూడదు. దొంగ కార్డుల డబ్బు జాడ చెరిపేయడానికి అది దగ్గర దారి.

"50 కార్డు కొంటే 10 డాలర్ల కార్డు ఉచితం" లాంటి బోనస్ కార్డులకి వేరే రకం పెట్టుకోండి. వాటికి డబ్బు ముట్టలేదు, చట్టమూ వేరు, గడువూ వేరు. అన్నీ ఒకే ఐటెం కింద తోస్తే తర్వాత విడదీయలేరు.

చెల్లింపుగా పెట్టేటప్పుడు

ఇక్కడ ముఖ్యమైన గడులు కొన్నే. బిల్లు కన్నా ఎక్కువ తీసుకుని చిల్లర ఇవ్వకూడదు. బిల్లు 30.24 అయితే కార్డులోంచి 30.24 మాత్రమే తగ్గాలి. బాలెన్సు తక్కువైతే ఉన్నంత తీసుకుని మిగతాది ఇంకో పద్ధతిలో కట్టించుకోవాలి. ఇది మంచి సౌకర్యమే, కానీ నా కథలో తప్పుని కప్పేసింది కూడా ఇదే. మూడోసారి "సరిపోదు" అని తిరస్కరించి ఉంటే కాషియరుకి అనుమానం వచ్చేదేమో!

వాపసు విషయం జాగ్రత్తగా చూడాలి. కార్డుతో కొన్న వస్తువు తిరిగి తెస్తే నగదు ఇవ్వకూడదు, కార్డు మీదకే వేయాలి. అయితే బాలెన్సు అయిపోయిన కార్డుని ఎవరూ దాచుకోరు, చెత్తబుట్టలో పడేస్తారు. కాబట్టి వాపసుకి కొత్త కార్డు ఇచ్చే దారి ఒకటి ఉండాలి.

కార్డు ఎప్పుడు ప్రాణం పోసుకుంటుంది

స్టాండు మీద వేలాడే కార్డు ఉత్త ప్లాస్టిక్కు. కౌంటరు దగ్గర ఆక్టివేట్ చేశాకే దానికి విలువ. ఆ ఆక్టివేషను ఏ క్షణంలో జరగాలి? కార్డు స్కాన్ చేసిన వెంటనే జరిగేలా పెడితే ఒక చిక్కు ఉంది. తర్వాత కొనేవాడి క్రెడిట్ కార్డు తిరస్కరించబడి బిల్లు రద్దయితే, డబ్బు రాకుండానే బతికున్న కార్డు మిగులుతుంది. డబ్బంతా ముట్టాక, బిల్లు ముగిసేటప్పుడు జరగాలి. ఆక్టివేషను విఫలమైతే డబ్బు వెనక్కి ఇచ్చే దారి ఉండాలి.

కార్డు నంబర్లు వరసగా ఉండకూడదు. 1001 చూసినవాడు 1002 ఊహించగలడు. చివర లూన్ చెక్ డిజిట్ ఉంటే చేత్తో కొట్టేటప్పుడు ఒక అంకె తప్పినా పట్టుకుంటుంది, కానీ అది భద్రత కాదు. ఆ లెక్క లోకమంతా తెలిసినదే. భద్రతకి గీకితే కనబడే పిన్ కావాలి. దొంగలు స్టాండు మీద కార్డుల నంబర్లు, పిన్‌లు రాసుకుని, మళ్ళీ అతికించి, ఎవరైనా కొన్న మరుక్షణం ఖాళీ చేయడం ఇప్పుడు పెద్ద బెడద. మేరీలాండ్ రాష్ట్రం దీనికోసమే కార్డుల పాకింగు గురించి 2024లో చట్టం చేసింది. మన వంతుగా, బాలెన్సు అడిగే సర్వీసుకి ఒకే చోటునుంచి వచ్చే ప్రశ్నలకి పరిమితి పెట్టాలి. దొంగ ముందుగా తట్టే తలుపు అదే.

జవాబు రాకపోతే

ఇప్పుడు నా తప్పు దగ్గరికి వద్దాం. కౌంటరు "21.40 తగ్గించు" అని అడిగింది, జవాబు రాలేదు. ఇప్పుడు రెండిట్లో ఏదో ఒకటి జరిగి ఉండాలి. అడిగినది సర్వరుకి చేరనే లేదు, లేదా చేరింది, డబ్బు తగ్గింది, జవాబు మాత్రం దారిలో పోయింది. కౌంటరు వైపు నుంచి చూస్తే రెండూ ఒకలాగే కనిపిస్తాయి. దీనికి మందులు రెండు.

మొదటిది, ఒక చెల్లింపుకి ఒకే గుర్తు నంబరు. దుకాణం నంబరు, కౌంటరు నంబరు, బిల్లు నంబరు, బిల్లులో ఎన్నో చెల్లింపు, ఇవన్నీ కలిపితే ఒక గుర్తు అవుతుంది. ఎన్నిసార్లు గీసినా అదే గుర్తు వెళ్ళాలి. సర్వరు ఆ గుర్తుని ఇదివరకే చూసి ఉంటే మళ్ళీ తగ్గించకుండా పాత జవాబునే తిరిగి పంపాలి. ఐడెంపొటెన్సీ అని పెద్ద పేరు పెట్టారు కానీ, మన పద్ధతిలో చెప్పాలంటే చెల్లు రాసేముందు నోటు తిరగేసి చూడడం.

రెండోది, రివర్సల్. జవాబు రాలేదని కౌంటరు చేతులెత్తేసిన ప్రతిసారీ "నేను అడిగినది ఒకవేళ చేసి ఉంటే రద్దు చేయి" అని సర్వరుకి చెప్పాలి. అప్పుడు నెట్‌వర్కు లేకపోతే ఆ సందేశాన్ని దాచి, వచ్చాక పంపాలి, అందిందని జవాబు వచ్చేవరకూ పంపుతూనే ఉండాలి. ఇందులో ఒక మెలిక ఉంది. ఒక్కోసారి రద్దు సందేశం ముందు చేరి అసలు కోరిక తర్వాత చేరుతుంది. "నాకు తెలియని గుర్తు" అని సర్వరు ఆ రద్దుని పారేస్తే, తర్వాత వచ్చిన కోరిక డబ్బు తగ్గించేస్తుంది. తెలియని గుర్తుకి వచ్చిన రద్దుని కూడా రాసిపెట్టుకుని, ఆలస్యంగా వచ్చిన కోరికని తిరస్కరించాలి.

నేను చేసిందేమిటంటే, టెస్టు సర్వరు రివర్సల్ సందేశాలు అర్థంకాక లాగ్ నిండా ఎర్ర గీతలు పెడుతోందని ఆ గడిలో "వద్దు" అని పెట్టాను. తర్వాత ఆ ఫైలే అన్ని దుకాణాలకీ మూసగా వెళ్ళింది. గుర్తు నంబరులో గడియారపు సెకన్లు కూడా చేర్చాను, అందువల్ల గీసిన ప్రతిసారీ కొత్త గుర్తు. రెండు మందులూ నా చేతులతోనే పారబోశాను. సాఫ్ట్‌వేరు తప్పు కాదు, సర్వరు తప్పు కాదు. రెండు గడులు.

నెట్‌వర్కు పూర్తిగా లేనప్పుడు కార్డు తీసుకోవాలా వద్దా అన్నది వ్యాపారస్తుడి నిర్ణయం, మన నిర్ణయం కాదు. చిన్న మొత్తానికి నమ్మి తీసుకోవచ్చు, లేదా మొత్తానికే వద్దనవచ్చు. అయితే ఏది పెట్టినా కాషియరుకి తెర మీద కనబడే మాట నిజం చెప్పాలి. "కార్డులో డబ్బు లేదు" అనడానికీ "ఇప్పుడు తెలుసుకోలేకపోతున్నాం" అనడానికీ చాలా తేడా ఉంది. మొదటి మాట కస్టమరుని అబద్ధాలకోరుని చేస్తుంది.

చట్టం గడులు

2009లో అమెరికా చేసిన క్రెడిట్ కార్డ్ చట్టంలో గిఫ్ట్ కార్డుల నిబంధనలు 2010 ఆగస్టు 22 నుంచి అమల్లోకి వచ్చాయి. కార్డు ఇచ్చిన రోజునుంచో, చివరిసారి డబ్బు వేసిన రోజునుంచో అయిదేళ్ళ లోపు ఆ డబ్బుకి గడువు తీరకూడదు. పన్నెండు నెలలు వాడకపోతే తప్ప వాడనందుకు రుసుము వేయకూడదు, ఆ పైన కూడా నెలకి ఒకటి మించకూడదు. రాష్ట్రాల చట్టాలు ఇంకా గట్టివి. మసాచుసెట్స్‌లో గడువు కనీసం ఏడేళ్ళు, తొంభై శాతం వాడేశాక మిగతాది నగదుగా అడగవచ్చు. కాలిఫోర్నియాలో మామూలుగా గడువే ఉండకూడదు, కొద్దిపాటి మిగులుని నగదుగా ఇవ్వాలి. ఆ హద్దు 2008లో పది డాలర్లు. ఇలాంటి అంకెలని కోడ్‌లో రాయకండి, రాష్ట్రాల వారీగా ఒక పట్టికలో పెట్టండి. శాసనసభలు కూర్చున్నప్పుడల్లా అవి మారతాయి.

కొందరు కార్డులు ఎప్పటికీ వాడరు. ఆ మిగులుని అకౌంటింగులో బ్రేకేజ్ అంటారు. 2014లో వచ్చిన ఏ.ఎస్.సి. 606 ప్రమాణం ప్రకారం, ఎంత మిగిలిపోతుందో పాత అనుభవం మీద అంచనా వేయగలిగితే, మిగతా కార్డులు వాడుతున్న నిష్పత్తిలో దాన్ని ఆదాయంగా చూపించుకోవచ్చు. కొన్ని రాష్ట్రాల్లో మాత్రం ఎవరూ అడగని సొమ్ము కింద ఆ మిగులు ప్రభుత్వానికి కట్టాలి. ఇది మన నిర్ణయం కాదు కానీ, కార్డు ఏ రోజు, ఏ రాష్ట్రంలో, ఏ కంపెనీ పేరున ఇచ్చారో మొదటి రోజునుంచీ రాసిపెట్టకపోతే ఆ లెక్క ఎవరూ తేల్చలేరు. ఫ్రాంచైజీ దుకాణాలున్నచోట ఇది మరీ అవసరం. డబ్బు తీసుకున్నది ఒకరు, సరుకు ఇచ్చింది ఇంకొకరు.

రోజూ చూడవలసిన ఒక్క లెక్క

అన్నీ సరిగ్గా పెట్టామో లేదో తెలుసుకోవడానికి ఒక సులువైన పరీక్ష ఉంది. ప్రతి రాత్రీ సర్వరులో కార్డులన్నిటి బాలెన్సులూ కూడండి. ఖాతా పుస్తకంలో గిఫ్ట్ కార్డుల బాకీ పద్దు చూడండి. రెండూ ఒకటే కావాలి. తేడా ఒక్క పైసా అయినా ఎక్కడో ఒక చెల్లు ఎక్కువ పడింది, లేదా ఒక చెల్లు పడలేదు. మా దగ్గర ఆ రిపోర్టు ఉండేది, కానీ నెలకోసారి నడిచేది. రోజూ నడిచి ఉంటే ఆ రాత్రికే ఆ తేడా బయటపడేది. బామ్మగారు మంచులో దుకాణానికి రావలసిన అవసరం ఉండేది కాదు.

ఆ 42 కార్డులకీ డబ్బు తిరిగి వేశాం. దుకాణం మేనేజరు ఆ కుర్రాడి పేరున ఉత్తరం రాశాడు: మీ బామ్మగారు యాభై డాలర్లే వేశారు, తప్పు మా యంత్రానిది అని. యంత్రానిది కాదని నాకు తెలుసు.

అప్పటినుంచి ఏ ప్రాజెక్టులో ఉన్నా గిఫ్ట్ కార్డుల పని పూర్తయిందని చెప్పేముందు నేను చేసే పరీక్ష ఒకటుంది. టెస్టు కౌంటరు దగ్గర నిలబడి యాభై డాలర్ల కార్డు గీస్తాను. గీసిన మరుక్షణం వెనక నెట్‌వర్కు తీగ పీకేస్తాను. ఒక నిమిషం ఆగి మళ్ళీ గుచ్చి, కార్డు మళ్ళీ గీస్తాను. చెల్లు ఒక్కటే పడితే సంతకం పెడతాను. లేకపోతే ఇంటికి ఫోను చేసి, రాత్రి భోజనానికి ఎదురు చూడొద్దని చెబుతాను.